దూరపు ఏఎం స్టేషన్ల వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఏంటి ఈ హాబీ?

చీకటి పడ్డాక రేడియోలో ఏఎం బ్యాండ్ పెట్టి, రోజూ వినిపించే దగ్గరి స్టేషన్లను దాటుకుంటూ, వాటి మధ్య సందుల్లో సన్నగా తేలి మునిగే గొంతు ఒకటి పట్టుకుని, అది ఎక్కడిదో తేల్చడం. పాట బాగుందా, వార్త కొత్తదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, సగం సార్లు ఆ భాషే మనకు తెలియదు. ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని డీఎక్సింగ్ అంటారు. దూరం అనడానికి టెలిగ్రాఫ్ వాళ్లు వాడిన పొట్టి గుర్తు డీఎక్స్, అదే ఇటు వచ్చింది.

ఏఎం అని ఇక్కడ చెప్పేదంతా మీడియం వేవ్ గురించే. ఆసియా, యూరప్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా వైపు ఈ బ్యాండ్ 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ దాకా, స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటుంది. రెండు అమెరికాల్లో 530 నుంచి 1700 దాకా, 10 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటుంది. ఈ 9, 10 తేడాను గుర్తుపెట్టుకోండి, కింద బాగా పనికొస్తుంది.

ఫోన్‌లో ఏ దేశం రేడియో అయినా వస్తుంటే ఇదెందుకు?

ఫోన్‌లో వచ్చేది ఎప్పుడు నొక్కినా వస్తుంది, అందుకే. ఇక్కడ ఈ రాత్రి వచ్చింది రేపు రాకపోవచ్చు, మళ్లీ ఆరు నెలల దాకా జాడ లేకపోవచ్చు. రెండు వేల కిలోమీటర్ల అవతల ఒక టవర్ నుంచి బయల్దేరిన తరంగం మధ్యలో ఏ వైరూ సర్వరూ లేకుండా నేరుగా మీ చేతిలోని రేడియోకి తగిలింది అన్న విషయం మీకు థ్రిల్ ఇవ్వకపోతే ఈ హాబీ మీకు పడదు. అందులో తప్పేం లేదు.

పగలు ఊసే లేని స్టేషన్ రాత్రి ఎలా వస్తుంది?

మొత్తం కథ ఇదే కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

ఏఎం తరంగం రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి నేలను అంటిపెట్టుకుని. పగలు మనకు వినిపించేది దాదాపుగా ఇదే, స్టేషన్ పవర్‌ని బట్టీ మధ్యలో ఉన్న నేలను బట్టీ కొన్ని పదుల నుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకా వెళ్తుంది. ఉప్పునీళ్లు నేల కన్నా చాలా బాగా విద్యుత్తును మోస్తాయి, అందుకే మధ్యలో సముద్రం ఉంటే పట్టపగలు కూడా ఆశ్చర్యపోయేంత దూరం వస్తుంది. రెండో దారి ఆకాశం మీదుగా. భూమికి సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఎండ వల్ల విద్యుదావేశం పొందే డి పొర ఒకటి ఉంటుంది, పగలంతా అది పైకి వెళ్లే మీడియం వేవ్‌ని మింగేస్తుంది. సూర్యుడు దిగిపోగానే ఆ పొర చాలా త్వరగా పలచబడిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైనున్న ఈ (E), ఎఫ్ (F) పొరల దాకా వెళ్లి, వంగి, దూరంగా ఎక్కడో కిందికి దిగుతుంది. ఈ (E) పొర నుంచి దిగితే ఒక్క గెంతుకు సుమారు 2000 కిలోమీటర్లు, ఎఫ్ పొర నుంచి అయితే 4000 దాకా. కింద నేలకో సముద్రానికో తగిలి మళ్లీ లేచి ఇంకో గెంతు వేస్తుంది, అలా ఖండాలు దాటుతుంది.

ఆకాశంలో ఇలాంటి పొర ఉండాలని 1902లో కెన్నెలీ, హెవిసైడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎవరికి వారు విడివిడిగా ఊహించారు, కారణం అంతకు ముందు ఏడాది డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ దాటి సిగ్నల్ విన్నానని ప్రకటించడం. (పట్టపగలు, అప్పటి పరికరాలతో ఆయన నిజంగా విన్నాడా అని అనుమానించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీడియం వేవ్ వినేవాళ్లకైతే ఆ అనుమానం ఇంకాస్త ఎక్కువే.) పొర ఉందని ప్రయోగంతో చూపించింది బ్రిటిష్ శాస్త్రవేత్త ఆపిల్టన్, 1924లో, అదీ బీబీసీ వాళ్ల బోర్న్‌మత్ ట్రాన్స్‌మిటర్ వాడుకుని. 1947లో ఆయనకు నోబెల్ వచ్చింది.

సిగ్నల్ పెరుగుతూ తగ్గుతూ ఉండటానికీ ఇదే కారణం. వేరువేరు దారుల్లో వచ్చిన తరంగాలు కలిసినప్పుడు ఒకసారి ఒకదానికొకటి బలమిస్తాయి, ఇంకోసారి ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఇంకా విచిత్రం కావాలంటే లగ్జంబర్గ్ ఎఫెక్ట్ గురించి చదవండి. 1933లో టెలెగన్ అనే డచ్ ఇంజనీరు స్విట్జర్లాండ్‌లోని బెరోమున్‌స్టర్ స్టేషన్ వింటుంటే వెనకాల రేడియో లగ్జంబర్గ్ కార్యక్రమం వినిపించింది, రెండింటి ఫ్రీక్వెన్సీలకూ సంబంధమే లేదు. బలమైన స్టేషన్ ఆకాశంలోని పొరనే కదిలించి, అటుగా వెళ్తున్న ఇంకో తరంగం మీద తన ముద్ర వేసిందన్నమాట.

ఏ టైమ్‌లో కూర్చుంటే మంచిది?

ఒక్క సూత్రం: మీకూ ఆ స్టేషన్‌కీ మధ్య దారి మొత్తం చీకట్లో ఉండాలి. దీన్నిబట్టే మిగతాదంతా మీరే లెక్కేసుకోవచ్చు. సాయంత్రం మీకు తూర్పున ఉన్న స్టేషన్లు ముందు లేస్తాయి, ఎందుకంటే అక్కడ అప్పటికే రాత్రి. తెల్లవారుజామున పడమటివి ఆఖరిదాకా నిలుస్తాయి. అస్తమయం, ఉదయం, ఈ రెండింటికీ అటూ ఇటూ ఉండే అరగంట చాలా విలువైనది. ఒక్కోసారి ఆ కాసేపు సిగ్నల్ ఉన్నట్టుండి ఉబ్బుతుంది, పది నిమిషాల్లో మాయమైపోతుంది.

ఒక్క గంటే దొరుకుతుందంటే నేను తెల్లవారే ముందు గంట తీసుకుంటాను. సాయంత్రం బ్యాండ్ మీద రద్దీ ఎక్కువ, ఇంట్లోనూ చుట్టుపక్కలా కరెంటు సామాన్లన్నీ ఆన్‌లో ఉంటాయి. తెల్లవారుజామున రెండూ సద్దుమణుగుతాయి, పైగా కొన్ని స్టేషన్లు ప్రసారం మొదలుపెట్టేది అప్పుడే, మొదలుపెట్టేటప్పుడు పేరు చెప్పుకోవడం చాలా స్టేషన్లకు అలవాటు.

కాలాల సంగతికొస్తే చలికాలం మేలు. రాత్రి పొడుగ్గా ఉంటుంది, పిడుగులు తక్కువ. ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల దూరంలో పిడుగులు పడుతున్నా ఆ చిటపటలు మీ రేడియోలో వినిపిస్తాయి, దానికి మందు లేదు.

సూర్యుడి మచ్చలు, కే ఇండెక్స్ అంటుంటారు, అవన్నీ చూడాలా?

మొదట్లో అక్కర్లేదు. తర్వాత తెలుసుకోవాల్సింది ఇంతే: షార్ట్ వేవ్ వాళ్లు సూర్యుడు చురుగ్గా ఉంటే పండగ చేసుకుంటారు, మనకు అది తలనొప్పి. సుమారు 11 ఏళ్ల సూర్యచక్రంలో సూర్యుడు నిద్రపోయే సంవత్సరాలే మీడియం వేవ్‌కి మంచివి. భూ అయస్కాంత క్షేత్రం కల్లోలంగా ఉన్నప్పుడు, అంటే కే ఇండెక్స్ పెరిగినప్పుడు, ధ్రువాలకు దగ్గరగా వెళ్లే దారులు మూసుకుపోతాయి. అప్పుడు కూడా రేడియో కట్టేయకండి. ఉత్తరం నుంచి వచ్చే గోల తగ్గిపోయి దక్షిణాన ఎప్పుడూ వినపడనివి బయటపడే రాత్రులు అవే.

ఏ రేడియో కొనాలి?

ముందు ఏదీ కొనకండి. ఇంట్లో ఉన్నదాంతో, లేదా కారు రేడియోతో మొదలుపెట్టండి. ఇంజిన్ ఆపేసి ఊరి బయట కరెంటు తీగలకు దూరంగా నిలిపిన కారులోని పాత రేడియో చాలా ఖరీదైన సెట్ల కన్నా బాగా వినిపిస్తుంది, ఇది అతిశయోక్తి కాదు. చాలామంది మొదటి నెలలోనే రేడియో సరిగ్గా లేదని ఇంకోటి కొంటారు, అక్కడ సమస్య రేడియోది కాదు, ఇంట్లోని గోలది. దాని గురించి కింద చెప్తాను.

కొనాల్సిన రోజు వచ్చాక మూడు చూడండి. లోపల ఫెర్రైట్ కడ్డీ ఎంత పొడుగుంది (ఏఎం యాంటెన్నా అదే, పైన లాగే స్టీలు కడ్డీ చాలా రేడియోల్లో ఏఎంకి అసలు పనిచేయదు). పక్క స్టేషన్‌ను ఎంత బాగా కోస్తుంది, అంటే ఫిల్టర్ వెడల్పు మార్చుకునే వీలుందా. ఫ్రీక్వెన్సీని అంకెల్లో చూపిస్తుందా. టెక్సన్ వాళ్ల పీఎల్-380, పీఎల్-330 లాంటివి ఈ మూడింట్లోనూ పర్వాలేదనిపిస్తాయి. పాతవాటిలో జీఈ సూపర్‌రేడియోకి ఇప్పటికీ అభిమానులున్నారు, ముల్లు తిప్పే సెట్టు కాబట్టి ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నారో అంచనా వేసుకోవాలి, కానీ వినికిడి అద్భుతం. సోనీ ఎస్ఆర్ఎఫ్-59 అనే జేబు రేడియోతో మొదలై, జేబు రేడియోలతోనే దూరాలు వినాలనే పంతంతో అల్ట్రాలైట్ డీఎక్సింగ్ అని ఒక శాఖే పుట్టుకొచ్చింది.

చౌక రేడియోతో ఒక జాగ్రత్త. 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (పట్టిన స్టేషన్‌ను రేడియో లోపల మార్చుకునే మధ్య ఫ్రీక్వెన్సీ) వాడే సెట్లలో మీరు పెట్టిన చోటికి 910 కిలోహెర్ట్జ్ పైనున్న బలమైన స్టేషన్ దొంగదారిన వచ్చి కూర్చుంటుంది. 600 మీద వింటున్నది నిజానికి 1510 మీది కావచ్చు. కొత్త స్టేషన్ దొరికిందని సంబరపడే ముందు ఈ కూడిక ఒకసారి వేసుకోండి.

ఎస్‌డీఆర్ (కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) తీసుకోవచ్చా?

కంప్యూటర్ ముందు కూర్చోవడం ఇష్టమైతే తప్పకుండా. ఎయిర్‌స్పై హెచ్ఎఫ్ ప్లస్, ఎస్‌డీఆర్‌ప్లే లాంటి చిన్న పెట్టెలు బ్యాండ్‌ను తెర మీద బొమ్మలా చూపిస్తాయి, చెవికి అందని సన్నని క్యారియర్ (మాటను మోసే అసలు తరంగం) కూడా గీతలా కనిపిస్తుంది. ఇంకా పెద్ద సుఖం రికార్డింగ్. సెట్టును బట్టి మొత్తం మీడియం వేవ్ బ్యాండ్‌ను ఒకేసారి ఫైల్‌లోకి ఎక్కించుకుని, ఆ రాత్రి ఏ నిమిషానికి ఏ ఫ్రీక్వెన్సీలో ఏముందో తీరిగ్గా వెనక్కి వెళ్లి వినొచ్చు. సెకనుకు 20 లక్షల శాంపిళ్లు, 16 బిట్ల చొప్పున తీస్తే గంటకు 28 జీబీ దాటుతుంది, కాబట్టి రాత్రంతా కాకుండా గంట మారే ముందు రెండు నిమిషాలు, తర్వాత మూడు నిమిషాలు తీసేలా పెట్టుకోవడం తెలివైన పని. నిద్ర మానుకోవాలా అని అడిగేవాళ్లకు కూడా జవాబు ఇదే.

దీంట్లో ఉన్న చిక్కేంటంటే ఫైళ్లు పేరుకుపోతాయి, వినడం వాయిదా పడుతుంది. చెవితో నేరుగా తిప్పి వినే సరదా దీంట్లో కొంత పోతుందని నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు.

మా ఇంట్లో ఏఎం పెడితే ఒకటే గరగర, బుర్రున శబ్దం, ఏం చేయాలి?

ఈ హాబీకి అసలు శత్రువు దూరం కాదండీ, మీ గోడకు పెట్టిన ఫోన్ ఛార్జరు. ఎల్ఈడీ బల్బులు, ల్యాప్‌టాప్ అడాప్టర్లు, టీవీ, లైట్ డిమ్మర్లు, సోలార్ ఇన్వర్టర్లు, కరెంటు తీగల మీద ఇంటర్నెట్ పంపే పరికరాలు, ఇవన్నీ లోపల కరెంటును సెకనుకు వేలసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ సరిగ్గా మన బ్యాండ్ మీదే చెత్త పోస్తుంటాయి.

పట్టుకోవడం తేలికే. రేడియోని బ్యాటరీ మీద పెట్టండి. స్టేషన్ లేని ఖాళీ చోట ట్యూన్ చేసి, ఇంటి మెయిన్ స్విచ్ ఒక్క నిమిషం ఆపేయండి (ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి). శబ్దం పోయిందా, దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్క స్విచ్ వేసుకుంటూ వెళ్తే ఏ గదో తెలుస్తుంది, తర్వాత రేడియోని చేత్తో పట్టుకుని గదిలో తిరిగితే ఏ ప్లగ్గో తెలుస్తుంది. పోలేదంటే పక్కింట్లోదో వీధిలోదో. అప్పుడు మీ చేతిలో ఉన్నది రెండే: రేడియో తిప్పి ఆ దిక్కు నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించుకోవడం, లేదా రేడియో తీసుకుని బయటికి పోవడం. డాబా మీదికి వెళ్లినా తేడా తెలుస్తుంది. పార్కుకో చెరువుగట్టుకో వెళ్తే ఇంట్లో ఏడాదిపాటు వినపడనివి ఒక్క సాయంత్రంలో దొరుకుతాయి.

రేడియో తిప్పడం అంటే? ట్యూన్ చేయడమా?

కాదు, సెట్టునే భౌతికంగా పక్కకు తిప్పడం. లోపలి ఫెర్రైట్ కడ్డీ తన పక్క వైపుల నుంచి వచ్చేది బాగా పట్టుకుంటుంది, కొనలు చూస్తున్న దిక్కుల నుంచి వచ్చేది దాదాపు వినదు. ఇందులో కిటుకేంటంటే, బాగా వినిపించే దిశ చాలా వెడల్పు, కాస్త అటూ ఇటూ అయినా తేడా తెలియదు. వినపడని దిశ మాత్రం చాలా సన్నం, కొన్ని డిగ్రీల్లోనే స్టేషన్ పాతాళానికి పోతుంది. అందుకే కావాల్సిన స్టేషన్ వైపు రేడియోని గురిపెట్టడం కన్నా, అక్కర్లేని బలమైన స్టేషన్ వైపు కడ్డీ కొనను పెట్టి దాన్ని నొక్కేయడమే అసలు విద్య. బలమైన దగ్గరి స్టేషన్ అలా మునిగిపోతే అదే ఫ్రీక్వెన్సీలో అడుగున ఇంకో భాష మెల్లగా పైకి తేలుతుంది. మొదటిసారి ఇలా జరిగినప్పుడు రేడియో పాడైందేమో అనుకుంటారు కొత్తవాళ్లు.

కడ్డీని అడ్డంగా తిప్పడమే కాదు, కాస్త ఒక పక్కకు ఎత్తి వంచి కూడా చూడండి. దగ్గరి స్టేషన్ ఇంకా బాగా మునుగుతుంది.

బయటి యాంటెన్నా కట్టాలా?

ముందు లూప్ ఒకటి చేసుకోండి. 60 సెంటీమీటర్ల చదరపు చెక్క ఫ్రేమ్ మీద పది పన్నెండు చుట్లు తీగ చుట్టి, రెండు కొసలకీ పాత రేడియోలోని 365 పికోఫారడ్ గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్ మార్చడానికి తిప్పే భాగం) కలపండి. రేడియోకి దీన్ని వైరుతో కలపక్కర్లేదు, పక్కన పెట్టి కండెన్సర్ తిప్పితే చాలు, ఒకచోట సిగ్నల్ ఒక్కసారి లేస్తుంది. బ్యాండ్ కింది కొస అందకపోతే ఒకటి రెండు చుట్లు పెంచండి, పై కొస అందకపోతే తగ్గించండి. ఒక ఆదివారం పని.

ఆ తర్వాతి మెట్లకు అంతు లేదు. అన్నిటికన్నా పేరున్నది బెవరేజ్ యాంటెన్నా. హెరాల్డ్ బెవరేజ్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు అది, 1921లో పేటెంట్ తీసుకున్నాడు. నేలకు రెండు మూడు మీటర్ల ఎత్తులో, వినాల్సిన దిక్కుకు తిన్నగా, వందల మీటర్ల పొడవున లాగిన ఒక తీగ, చివర ఒక రెసిస్టర్, అంతే. 1000 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవే 300 మీటర్లు, కనీసం అంతైనా ఉంటేనే ఇది తన గుణం చూపిస్తుంది. అదే 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అనే అమెరికన్ స్కాట్లాండ్‌లోని ఆర్డ్‌రోసన్ తీరంలో ఒక గుడారం వేసి, అలాంటి తీగే లాగి, అట్లాంటిక్ అవతలి అమెరికన్ అమెచ్యూర్ల (సరదాకి ప్రసారం చేసేవాళ్ల) సిగ్నళ్లు విన్నాడు. అవి సుమారు 230 మీటర్ల మీద వచ్చాయి, అంటే ఇప్పటి మన ఏఎం బ్యాండ్‌లో 1300 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల.

ఇప్పటికీ జనం ఇదే పని చేస్తున్నారు. ఫిన్లాండ్ ఉత్తరాన ఇనారి దగ్గర ఐహ్కినియెమిలో కిలోమీటరు దాకా ఉండే తీగలు లాగి, చలికాలంలో సూర్యుడే రాని రోజుల్లో అమెరికాలోని చిన్న చిన్న స్టేషన్లను వింటుంటారు.

పొడుగు తీగ కడితే ఒక మాట: మబ్బు పట్టగానే తీగను రేడియో నుంచి ఊడదీసి బయట పడేయండి. ఉరుము వినిపించాక పరుగెత్తడం కాదు, ముందే.

ఒకే చోట మూడు స్టేషన్లు కలగలిసి వస్తున్నాయి, ఎలా విడదీయాలి?

ముందు పైన చెప్పినట్టు తిప్పండి. తర్వాత ఫిల్టర్ సన్నం చేయండి. ఏఎం సిగ్నల్‌కు క్యారియర్ రెండు పక్కలా ఒకే మాటను మోసే సైడ్‌బ్యాండ్లు ఉంటాయి, రేడియోలో ఎస్ఎస్‌బీ (ఒక పక్కదే వినే సదుపాయం) ఉంటే శుభ్రంగా ఉన్న సైడ్‌బ్యాండ్ ఎంచుకోండి, రెండో పక్కన గోల ఉన్నా దాని ఊసే ఉండదు. ఇవేవీ పని చేయకపోతే ఆగండి. మూడింటి హెచ్చుతగ్గులూ ఒకే టైమ్‌లో జరగవు, ఒక్కోటి కాసేపు పైకి వస్తుంది, మీ అదృష్టం బాగుంటే సరిగ్గా పేరు చెప్పేటప్పుడే వస్తుంది.

ఇప్పుడు ఆ 9, 10 సంగతి. అమెరికా స్టేషన్ 1090 మీద, యూరప్ స్టేషన్ 1089 మీద ఉన్నాయనుకోండి. రెండూ ఒకేసారి వస్తే వాటి తేడా, సరిగ్గా 1 కిలోహెర్ట్జ్, సన్నని ఈలలా వినిపిస్తుంది. చాలామంది ఈ ఈలను చిరాకు అనుకుంటారు, మనకు మాత్రం అది సముద్రం అవతలి సిగ్నల్ గడప దాకా వచ్చిందన్న కబురు. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో ఉన్నవాళ్లు జపాన్ కోసం ఇలాగే వెతుకుతారు: అకీటాలోని ఎన్‌హెచ్‌కే (జపాన్ జాతీయ ప్రసార సంస్థ) స్టేషన్ 774 మీద 500 కిలోవాట్లతో చాలా ఏళ్లు వచ్చింది, అమెరికా లెక్కలో 770కీ 780కీ మధ్య సందులో పడేది కాబట్టి ముందు దొరికేవాటిలో అదొకటిగా ఉండేది. రెండు లెక్కలూ కలిసే చోట్లు మాత్రం, 540, 630, 720, 810, ఇలా 90 చొప్పున పెరిగేవి, అక్కడ ఈల ఉండదు, కష్టం ఎక్కువ.

ఏ స్టేషనో ఎలా తేలుతుంది?

వినడం సగం పనే, పేరు తేల్చడం మిగతా సగం, నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

గంట మారే టైమ్‌కు ఎక్కడ ఉన్నా రేడియో దగ్గరికి వచ్చేయండి. చాలా దేశాల్లో స్టేషన్ పేరు, పిప్ పిప్ అనే టైమ్ సిగ్నల్, వార్తల సంగీతం అప్పుడే వస్తాయి. పిలుపు గుర్తులు (ఒక్కో స్టేషన్‌కు ఇచ్చే అక్షరాల పేర్లు) చెప్పే దేశాలైతే ఇంకా నయం. అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున డబ్ల్యూతో, పడమర కేతో మొదలవుతాయి, మినహాయింపులు ఉన్నా (తూర్పున పిట్స్‌బర్గ్‌లో 1920 నవంబరు 2న మొదలైన కేడీకేఏ అందులో ఒకటి). జపాన్‌వి జేఓతో మొదలవుతాయి. ఆస్ట్రేలియాలో ముందు అంకె రాష్ట్రాన్ని చెప్తుంది, 2 అయితే న్యూ సౌత్ వేల్స్, 3 అయితే విక్టోరియా, 4 అయితే క్వీన్స్‌లాండ్.

పేరు చెప్పకపోతే ప్రకటనలు వినండి. ఊరి పేరు, ఫోన్ నంబరు, వాతావరణం, ఫుట్‌బాల్ జట్టు పేరు, ఏదో ఒకటి జారుతుంది. భాష తెలియకపోయినా పదే పదే వచ్చే మాట రాసుకోండి, విన్నది విన్నట్టుగా మీ లిపిలోనే. అనుమానం ఉన్న స్టేషన్ ఇంటర్నెట్‌లో ఉంటే అది తెరిచి రెండూ పక్కపక్కన వినండి, ఇంటర్నెట్‌ది కొన్ని సెకన్ల నుంచి నిమిషం దాకా వెనకబడి వస్తుంది, ఆ లెక్క చూసుకుని పోల్చితే అనుమానం తీరిపోతుంది. ఏ ఫ్రీక్వెన్సీలో ఎవరున్నారో చూడటానికి ఎండబ్ల్యూలిస్ట్ లాంటి జాబితాలు ఉన్నాయి.

జాబితాలో ఉంది కాబట్టి అదే అయ్యుంటుంది అని మాత్రం రాసుకోకండి. ఈ హాబీలో జరిగే మోసాల్లో ఎక్కువ భాగం మనల్ని మనం చేసుకునేవే. తేలనిదాన్ని తేలలేదు అని లాగ్‌బుక్‌లో రాయండి, రికార్డింగ్ దాచుకోండి, రెండేళ్ల తర్వాత ఆ జింగిల్ ఇంకోచోట వినపడి గుట్టు వీడిన సందర్భాలు ఎందరికో ఉన్నాయి.

క్యూఎస్ఎల్ కార్డు అంటే?

అవును, మీరు విన్నది మా స్టేషనే అని వాళ్లు రాసిచ్చే ధ్రువీకరణ. ఒకప్పుడు అందమైన పోస్టుకార్డు, ఇప్పుడు ఎక్కువగా ఈమెయిల్. 1924 ప్రాంతంలో షికాగోలోని ఎక్కో అనే కంపెనీ స్టేషన్ల పేర్లతో స్టాంపులే వేసింది, విన్నట్టు రుజువూ పది సెంట్లూ పంపితే స్టేషన్ వాళ్లు ఆ స్టాంపు పంపేవాళ్లు, ఆల్బమ్‌లో అంటించుకునేవాళ్లు.

రిపోర్టులో తేదీ, టైమ్ (యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో, లేదా వాళ్ల స్థానిక కాలంలో), ఫ్రీక్వెన్సీ, కనీసం పావుగంట పాటు ఏ నిమిషానికి ఏం విన్నారో, మీ రేడియో, యాంటెన్నా, ఊరు ఉండాలి. సిన్పో అనే అయిదంకెల కోడ్ ఉంది, సిగ్నల్ బలం, ఇతర స్టేషన్ల అడ్డు, శబ్దం, హెచ్చుతగ్గులు, మొత్తం మీద ఎలా ఉంది, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. కానీ చిన్న స్టేషన్‌లో మీ ఉత్తరం చదివే మనిషికి ఇది తెలియకపోవచ్చు, మామూలు మాటల్లో రాయండి. చిన్న ఆడియో ముక్క జతచేస్తే జవాబు వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. ఉత్తరాన్ని స్టేషన్ ఇంజనీరు పేరు మీద పంపండి, ప్రకటనల విభాగానికి పంపితే వాళ్లకు అర్థం కాదు. జవాబు రాకపోతే కొన్ని నెలలు ఆగి మర్యాదగా ఇంకోసారి రాయండి. అక్కడితో వదిలేయండి.

ఇంటర్నెట్‌లో వేరే దేశపు రిసీవర్‌ను తిప్పి వింటే లెక్కలోకి వస్తుందా?

నా లెక్కలో రాదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం రిసీవర్, ప్రపంచమంతా ఉన్న కివీ ఎస్‌డీఆర్‌లు, ఇవన్నీ నేర్చుకోవడానికి బంగారం. ఒక స్టేషన్ అసలు ఈ రాత్రి ప్రసారంలో ఉందా లేదా అని ఆ స్టేషన్ పక్కనున్న రిసీవర్‌లో చూసుకోవచ్చు, దాని జింగిల్ ఎలా ఉంటుందో ముందే విని పెట్టుకోవచ్చు. కానీ మీ లాగ్‌లో రాసేటప్పుడు మీ ఊళ్లో మీ యాంటెన్నాకి తగిలింది వేరు, ఇది వేరు. రిపోర్టు పంపితే ఆ విషయం చెప్పి పంపండి.

ఇది హామ్ రేడియో లాంటిదేనా? లైసెన్స్ కావాలా?

హామ్ వాళ్లు మాట్లాడతారు, మనం వింటాం. ప్రసారం చేయం కాబట్టి పరీక్ష ఏమీ లేదు. వినడానికి కూడా రుసుమో అనుమతో ఉండే దేశాలు కొన్ని ఉన్నాయి, మీ దగ్గరి నియమం ఒకసారి చూసుకోండి.

స్టేషన్ వాళ్లు ఇలాంటి శ్రోతలను పట్టించుకుంటారా?

ఒకప్పుడు బాగానే పట్టించుకున్నారు. 1920లలో అమెరికాలో చాలా ఊళ్లలో వారానికి ఒక రాత్రి స్థానిక స్టేషన్లన్నీ ప్రసారం ఆపేసేవి, జనం దూరపువి వినాలని. వాటిని నిశ్శబ్ద రాత్రులు అనేవాళ్లు. వ్యాపార ప్రకటనలు పెరిగాక ఆ మర్యాద పోయింది. ఇప్పుడు మిగిలింది డీఎక్స్ టెస్టులు: సరదా ఉన్న ఇంజనీరు అర్ధరాత్రి దాటాక ఒక అరగంట మోర్స్ కోడ్, కింది నుంచి పైకి పాకే టోన్లు వేస్తాడు. మాటలు వినపడని గోలలోంచి కూడా అవి చీల్చుకొస్తాయి, అందుకే మోర్స్‌లో స్టేషన్ పేరు గుర్తుపట్టేంత నేర్చుకుంటే మంచిది. టెస్టు ఎప్పుడో నేషనల్ రేడియో క్లబ్ (1933 నుంచి ఉంది), బ్రిటన్‌లోని మీడియం వేవ్ సర్కిల్ (1954) లాంటి క్లబ్బుల ద్వారా తెలుస్తుంది.

ఎక్కువ కిలోవాట్ల స్టేషన్ వింటే గొప్పా, తక్కువదా?

దూరాన్ని పవర్‌తో భాగించి చూసుకునేవాళ్లున్నారు. కరీబియన్‌లోని బొనైర్ దీవి నుంచి 800 మీద 440 కిలోవాట్లతో వచ్చేది అమెరికాల్లో ఎక్కడున్నా మంచి మొదటి లక్ష్యం. సిన్సినాటిలోని డబ్ల్యూఎల్‌డబ్ల్యూ 1934 నుంచి 1939 దాకా 500 కిలోవాట్లు వాడింది, ఆ రోజుల్లో దాన్ని వినడం గొప్ప కాదు, తప్పించుకోవడమే గొప్ప. ఒక కిలోవాట్ స్టేషన్ వెయ్యి కిలోమీటర్ల నుంచి వచ్చి పేరు చెప్తే నాకు అదే ఎక్కువ. అమెరికాలో చాలా స్టేషన్లు రాత్రికి పవర్ తగ్గించాలి లేదా ఆపేయాలి. ఎవరో మార్చడం మర్చిపోయిన రాత్రి పగటి పవర్‌తో దూసుకొస్తాయి, అలాంటివి లాగ్‌లో గట్టిగా గీత గీసి రాసుకుంటారు.

ఏఎం స్టేషన్లే మూతపడుతుంటే ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం?

మూతపడుతున్న మాట నిజం. జర్మనీ, ఫ్రాన్స్‌లలో ప్రభుత్వ రేడియోలు 2015 చివరికి మీడియం వేవ్ వదిలేశాయి, స్విట్జర్లాండ్‌లోని బెరోమున్‌స్టర్ 2008లోనే ఆగింది. కరెంటు ఖర్చు ఎక్కువ, శ్రోతలు తక్కువ, ట్రాన్స్‌మిటర్ ఉన్న స్థలానికి మంచి ధర, వాళ్ల లెక్క వాళ్లది. ఎలక్ట్రిక్ కార్లలో మోటారు చేసే గోల వల్ల కొన్ని కంపెనీలు ఏఎం రేడియో పెట్టడమే మానేశాయి.

కానీ వినేవాడి వైపు నుంచి చూస్తే లెక్క కాస్త వేరు. ఒక ఫ్రీక్వెన్సీ మీద అరవై ఏళ్లు కూర్చున్న పెద్ద స్టేషన్ లేచిపోగానే దాని అడుగున ఎన్నాళ్లుగానో ఉన్న చిన్నవి బయటికి వస్తాయి. యూరప్‌లో ఉన్నవాళ్లకు ఇప్పుడు స్పెయిన్‌లోని చిన్న స్టేషన్లు, అట్లాంటిక్ అవతలివి ఒకప్పటి కన్నా సులువుగా దొరుకుతున్నాయి. ఇది ఎంతకాలం ఉంటుందన్నది వేరే సంగతి. అందుకే విన్న ప్రతిదీ రికార్డు చేసి పెట్టుకోండి, మీ ఊరి స్టేషన్ గంట గంటకీ చెప్పే పేరుతో సహా. దగ్గరిదే కదా అని దాన్ని ఎవరూ రికార్డు చేయరు.

మీడియం వేవ్ కింద ఇంకేమైనా ఉందా?

ఉంది. 153 నుంచి 279 కిలోహెర్ట్జ్ దాకా లాంగ్ వేవ్, అక్కడ మిగిలిన స్టేషన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఐర్లండ్ వాళ్ల 252 కూడా 2023 ఏప్రిల్‌లో ఆగిపోయింది. సుమారు 190 నుంచి 535 మధ్య విమానాలకు దారి చూపే బీకన్లు ఉంటాయి, రెండు మూడు అక్షరాలను మోర్స్‌లో తిప్పి తిప్పి పంపుతూనే ఉంటాయి, పవర్ చాలా తక్కువ, అయినా రాత్రి వందల కిలోమీటర్లు వస్తాయి. మీ రేడియో 520 కిందికి దిగకపోతే ఇవి దొరకవు. కొనేటప్పుడు ఈ ఒక్క సంగతీ చూసుకోండి.